తాలు పోను మిగిలిన చదువులు

ఆ రోజుల్లో ఏ సంగతైనా గీతలు కొట్టిన కాగితం మీద ఒక గడిలో పడితేనే జరిగినట్టు, పడకపోతే జరగనట్టు అని గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడు నలభై దాటిన వయసులో నేను రోజుకు ఎన్ని అడుగులు వేశానో నా మణికట్టు మీది గడియారమే చెప్పి నన్ను సిగ్గుపరుస్తున్నది కాబట్టి ఆ నమ్మకం అందరికీ అంటుకున్నదని తెలుస్తూనే ఉంది గానీ, అప్పట్లో మాత్రం పెద్దపల్లి చుట్టుపక్కల ముప్పై ఊళ్ళలో ఆ జబ్బు తగిలిన మొదటి మనిషిని నేనే. దానికి తోడు నాకు ఇంకో జబ్బు కూడా ఉండేది. కాలు ఒక చోట నిలిచేది కాదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే నడవాలనిపించేది, నడిస్తే ఎటు పోతున్నానో తెలియక మళ్ళీ వచ్చి కూర్చునేవాణ్ణి. అన్నం తినేటప్పుడు కూడా పళ్ళెం పట్టుకొని వాకిట్లో తిరుగుతుంటే మా అవ్వ, "వీని అరికాళ్ళకు ఎవలన్న నిప్పుల కుంపటి కట్టిండ్రానే" అనేది. ఇరవై నాలుగేళ్ళవాడు, చేతిలో డిగ్రీ కాగితం, మూతి మీద మీసం వస్తానని మాటిచ్చి రాని పరిస్థితి. అంతకు మించి శాంతంగా ఉండటం ఎవరి తరం?

రెండు పోటీ పరీక్షలు తప్పి (చెప్పుకోదగినవి రెండు, చెప్పుకోలేనివి ఇంకో ఆరు) చివరికి ఒక స్వచ్ఛంద సంస్థలో కుదురుకున్నాను. పెద్దపల్లి నుంచి బస్సులో అరగంట (బస్సు బయలుదేరితే) దూరంలో ఉన్న ఒక ఊరి హైస్కూలుకు నన్ను గ్రంథాలయ సమన్వయకర్తగా పంపారు. ఆ పేరు మా బాపు నోట ఒక్కనాడూ పూర్తిగా రాలేదు. ఎవరైనా నీ కొడుకు ఏం చేస్తున్నాడని అడిగితే, మేకలు కాసేవాళ్ళ గురించి చెప్పినట్టు, "బళ్ళె పుస్తకాలు కాస్తుండు" అనేవాడు. నేను కాయవలసిన మంద ఒక ఇనుప బీరువాలో ఉండేది. మూడు వందల పన్నెండు పుస్తకాలు, రెండు చిరిగిన దేశపటాలు, ఎవరో ఎప్పుడో పోగొట్టుకున్న ఒక చెవి కమ్మ. బీరువా తలుపు తెరిస్తే వచ్చే చప్పుడుకు పక్క గదిలో పదో తరగతి లెక్కల పాఠం ఆగిపోయేది, మూస్తే వచ్చే చప్పుడుకు ఊళ్ళో గేదెలు తాళ్ళు తెంపుకునేవి. ఆ చప్పుడు తప్ప ఆ గ్రంథాలయం గురించి ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియదు.

చేరిన వారానికే హైదరాబాదు ఆఫీసు నుంచి ఒక పత్రం వచ్చింది. దాని పైన "లక్ష్యం" అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో "కొలవదగినదిగా ఉండాలి" అని ఉంది. నేను నా అందమైన చేతిరాతతో "విద్యార్థులలో పఠనాసక్తిని పెంపొందించుట" అని రాసి పంపాను. నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో చుట్టు గీసి "ఎంత?" అని రాశారు. "చాలా" అని రాసి పంపాను. మళ్ళీ వచ్చింది. "చాలా అంటే ఎంత?" ఆ రోజు నేను పోస్టు కవరు చేత్తో పట్టుకొని బడి గ్రౌండు చుట్టూ ఏడు సార్లు తిరిగి, ఎనిమిదో చుట్టులో ఒక నిర్ణయానికి వచ్చి, ఫిబ్రవరి ఆఖరులోగా నూట నలభై మంది పిల్లలు కలిసి మూడు వందల పుస్తకాలు చదువుతారని రాశాను. రాసి చూస్తే ఆ గడి బాగా వెడల్పు. అందులో నా మూడు వందలు ఒక మూలకు ఒదిగి, పిలవని పెళ్ళికి వచ్చిన బీద చుట్టంలా కనిపించింది. పక్కన ఇంకో సున్నా కూర్చోబెడితే నిండుగా ఉంటుందనిపించింది. కూర్చోబెట్టాను. నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద పని ఆ సున్నా గుండ్రంగా చుట్టడమే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈసారి ఆఫీసు నుంచి జవాబు ఎగురుకుంటూ వచ్చింది. "చాలా సంతోషం. ఇదీ కొలవదగిన లక్ష్యమంటే. ఇది నెరవేరితే మార్చి నుంచి మీ ఉద్యోగం మరో రెండేళ్ళు పొడిగిస్తాం." నెరవేరకపోతే ఏమిటో వాళ్ళు రాయలేదు. రాయాల్సిన పని లేదు, అది మా ఇంట్లోనే తయారుగా ఉంది. మా అక్క మొగుడు, అంటే బావ, దుబాయిలో ఖర్జూరం డబ్బాల గోదాములో పనిచేసేవాడు. అక్కడే నాకూ వీసా మాట్లాడిపెట్టాడు. "ఫిబ్రవరి దాకా ఆపుత, గంతకు మించి ఆగదు" అని ఫోను చేశాడట. నాకు పోవాలని లేదు. ఎందుకని అడిగితే దేశభక్తి అని చెప్పుకునేవాణ్ణి గానీ అసలు సంగతి, జాతరలో రంగులరాట్నం ఎక్కినా నాకు కళ్ళు తిరిగి వాంతి అయ్యేది. విమానంలో ఏమైపోతానో అని భయం. (అంతే అని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అంతే కాదేమో కూడా.) బాపు మాత్రం తేల్చేశాడు. "ఈడ నువ్వు లెక్కలే వెడుతున్నవ్, గాడ లెక్కలే వెడుతవ్. ఈడ ఫ్యాను తిరగదు, గాడ ఏసీ ఉంటది. జర సోంచాయించు."

సోంచాయించాను, బుర్ర వేడెక్కేదాకా ఆలోచించాను. మూడు వేలు అయితే ఊళ్ళో, కాకపోతే విమానంలో. ఇక చూడండి నా ఉరుకులు. జూన్, జూలై నెలల్లో పిల్లలు ఇష్టముంటే పుస్తకం తీసుకునేవాళ్ళు, లేకపోతే లేదు. ఆగస్టు నుంచి ఇష్టాయిష్టాలు రద్దు చేశాను. పొద్దున ప్రార్థన అయిపోగానే బీరువా ముందు వరుస. చేతికి ఏది వస్తే అది ఇవ్వడం, రిజిస్టరులో పేరు రాయడం, మర్నాడు వాపసు తీసుకోవడం, ఇంకోటి ఇవ్వడం. పిల్లలు తెలివైనవాళ్ళు. వారం తిరక్కుండానే పలుచని పుస్తకాలు ఏవో కనిపెట్టారు. దోమల నివారణ మీద పదహారు పేజీల చిన్న పుస్తకం ఒకటి ఉండేది. దాని కోసం తోపులాట. ఆ పుస్తకాన్ని దసరా లోగా తొంభై నాలుగు మంది "చదివారు". చదివిన తీరు ఏమిటంటే, ఒకడు బీరువా దగ్గర తీసుకొని గేటు దగ్గర ఇంకొకడికి పరుగు పందెంలో కర్ర అందించినంత జాగ్రత్తగా అందించేవాడు, వాడు బోరింగు దగ్గర మూడోవాడికి. పుస్తకం బడి దాటకుండానే రిజిస్టరులో నాలుగు పేర్లు పడేవి. నాకు తెలియదా? తెలుసు. కానీ రిజిస్టరులో గీతలు నిండుతుంటే నా అరికాళ్ళలో మంట కొంచెం చల్లారేది. పైగా సిబ్బంది కూడా పాఠకులే కదా అన్న ఆలోచన వచ్చి, అక్కడక్కడా నా పేరు కూడా రాసుకున్నాను. అక్కడక్కడా అంటే నలభై ఒక్క చోట్ల.

మా పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, పదవీ విరమణకు దగ్గర పడ్డ పెద్దమనిషి. ఏ కాగితం పెట్టినా ముందు సంతకం చేసి తర్వాత, "ఇంతకు ఏందయ్యా ఇది?" అని అడిగేవాడు. డిసెంబరు రెండో వారానికి రిజిస్టరులో రెండు వేల ఏడు వందల పన్నెండు పేర్లు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "మన బళ్ళె గింతమంది సదువుతున్నరా, నాకు ఒక్కడు కూడా కనవడడేంది?" అని ఆశ్చర్యపడి సంతకం చేశాడు. ఆ సాయంత్రం నేను బస్సులో కూర్చొని ఇల్లు చేరాను. కూర్చొని ప్రయాణం చేయడం ఆ ఆర్నెల్లలో అదే మొదటిసారి.

మర్నాడు ఆఫీసు నుంచి ఇంకో కాగితం. రిజిస్టరు మీద పాఠశాల కమిటీ అధ్యక్షుల సంతకం కూడా కావాలట. అదెంత పని అనుకున్నాను. కమిటీకి అధ్యక్షురాలు ఒక ఆవిడ. ఊళ్ళో మహిళా సంఘం నడిపే వడ్ల కొనుగోలు సెంటరుకు ఆమే పెద్ద కాబట్టి అందరూ ఆమెను "సెంటరక్క" అనేవాళ్ళు. ఆమె గొంతు ఇక్కడ విప్పితే మంథని బస్టాండులో పిట్టలు లేచేవి. వానాకాలం వడ్లు ఇంకా వస్తూనే ఉన్న రోజులు. మధ్యాహ్నం నేను రిజిస్టరు చంకలో పెట్టుకొని పోయేసరికి సెంటరంతా పరదాల మీద ఆరబోసిన వడ్లు, ఒక పక్క లోపల బియ్యం లేని తాలు గింజలను ఎగరగొట్టే మిషను రొద, దుమ్ములో ఆమె ఒక రైతుతో వాదులాడుతోంది. "మామా, పైపైన మంచియి వోసి లోపల తాలు దాస్తే నాకు ఎర్కలేదనుకుంటున్నవా" అంటూ కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, లోపలి నుంచి గుప్పెడు తీసి, అరచేతిలో పోసి ఊదింది. సగం గింజలు ఎగిరిపోయాయి. "సూడు. ఇదీ నీ మచ్చు. మల్ల గాలికి వెట్టుకొని, ఆరవోసి తీస్కరా." రైతు గొణుక్కుంటూ పోయాడు. నేను చిరునవ్వు తెచ్చుకొని ముందుకు పోయాను.

"ఏంది సారు, గిట్లచ్చినవ్?"

"ఒక చిన్న సంతకం అక్కా. ఉత్తగనే. పేపరుకు."

ఈ "ఉత్తగనే" అన్న మాట గుర్తు పెట్టుకోండి. దీని ధర నాకు తర్వాత తెలిసింది. ఆమె రిజిస్టరు తీసుకుంది. చదువు పెద్దగా లేదు గానీ అంకెలు ఆమెకు అరచేతి గీతల్లా కనిపించేవి. చివరి పేజీ తిప్పి, "రెండు వేల ఏడు వందలా?" అంది. అవునన్నాను, కొంచెం ఛాతీ విరిచి. "తాలు ఎంత తీసినవ్?"

నాకు అర్థం కాలేదు. "తాలేంది అక్కా, ఇవి పుస్తకాలు గదా."

"పుస్తకాలైతేంది? తెచ్చినోడు తెచ్చినట్టు కాంటాల జోకి రాసుకుంటే నా సెంటరు ఎన్నడో మునుగు. కుప్ప చూడంగ పెద్దగనే ఉంటది సారు. సదివినోళ్ళు ఎందరు, పట్టుకపోయినోళ్ళు ఎందరు? రేపు బడికస్త. మచ్చు తీస్త. అప్పుడు దస్కత్ వెడుత."

ఆ రాత్రి గురించి రాయడానికి ఏమీ లేదు, నిద్ర లేని మనిషికి రాత్రి అయితేనేం పగలు అయితేనేం. మర్నాడు పది గంటలకు ఆమె వచ్చింది. వెంట సంఘం ఆడవాళ్ళు పదకొండు మంది. బీరువా ముందు చాప పరిచి, పిల్లలందరినీ ఎదురుగా కూర్చోబెట్టింది. రిజిస్టరులో మొదటి పేజీ, చివరి పేజీ చూడనే లేదు. కళ్ళు మూసుకొని నడుమ నుంచి ఒక పేజీ తెరిచి, వేలు పెట్టి, "ఈ పేరు పిలువు" అనేది. పిల్లవాడు లేచేవాడు. "బిడ్డా, గీ పుస్తకంల ఏమున్నదో చెప్పు."

మొదటివాడు దోమల నివారణ. "దోమ ఉంటది" అన్నాడు. "అయినంక?" "నివారణ." "గదేంది?" వాడు కింద చూశాడు. ఆమె పక్కనున్న ముసలామెతో, "తాలు" అంది. ముసలామె తన ముందు ఒక గులకరాయి ఎడమ పక్కకు పెట్టింది. రెండోవాడు ఆవుల పెంపకం. "ఆవుకు నాలుగు కాళ్ళు" అన్నాడు. "అది మా ఇంట్ల ఆవు కూడా చెప్తది. తాలు." మూడో పిల్ల ఎనిమిదో తరగతి. ముసలి రాజు కథ ఎత్తుకుంది. ఎత్తుకున్నది దించలేదు. రాజుకు తిక్క, మంత్రికి దగ్గు, రాణి అలిగి పుట్టింటికి పోతే తోవలో చెప్పు తెగడం, ఆ చెప్పు కుట్టినవాడే తర్వాత సేనాపతి కావడం. ఇరవై నిమిషాలు. ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకొని విన్నారు. "గట్టి గింజ" అంది అక్క, కుడి పక్క రాయి పడింది. ఇట్లా పంతొమ్మిది మంది. కుడి పక్క రాళ్ళు మూడు.  ఇరవయ్యోది తీయడానికి ఆమె పేజీ తెరిచి వేలు పెట్టింది. పేరు చదవమని తొమ్మిదో తరగతి పిల్లకు ఇచ్చింది. ఆ పిల్ల చూసి, నా వైపు చూసి, మళ్ళీ పేజీ వైపు చూసి నెమ్మదిగా, "సారు పేరున్నది అక్కా" అంది.

నూట నలభై తలలు ఒకేసారి నా వైపు తిరగడం ఆ బడి చరిత్రలో అదే మొదటిసారి అనుకుంటాను. "లే సారు" అంది అక్క. లేచాను. ఏం పుస్తకమో గుర్తు లేదు. ఆ పిల్లే బీరువాలోంచి తీసి చూపించింది. అట్ట మీద ఏనుగు బొమ్మ. దేవుడు కరుణించాడనుకున్నాను. "అనగనగా ఒక అడవిలో ఒక ఏనుగు ఉండేది..." అని గొంతు సవరించుకొని మొదలుపెట్టాను. ఏనుగును చెరువుకు తోలుకుపోయాను, దానికి ఒక చీమతో స్నేహం కలిపాను, వేటగాణ్ణి దించబోతున్నాను. వెనుక వరుసలోంచి ఒక ఏడో తరగతివాడు ఎంతో మర్యాదగా చెయ్యెత్తి, "సార్, అండ్ల ఏనుగు లేదు సార్. అది అట్ట మీదనే ఉంటది. లోపల అంతా తోట పని" అన్నాడు.

ముసలామె నా ముఖం వైపు చూడకుండా ఎడమ పక్క రాయి పెట్టింది. (ఆ రాయి చప్పుడు చిన్నదే. నాకు మాత్రం మా బీరువా తలుపు చప్పుడు కంటే గట్టిగా వినిపించింది.) సెంటరక్క లేచి చీర దులుపుకుంది. "ఇరవైల మూడు గట్టియి సారు. గీ కుప్పకు నేను దస్కత్ వెట్ట. మల్ల ఆరవోసి తీస్కరా. సంఘం మీటింగు ఎట్లనో ప్రతి శనివారం మీ బళ్ళెనే పెడుతం, ఆరో తరగతిల ఫ్యాను తిరుగుతదని. పొద్దటిపూట పిల్లలను పంపు. ఒక్కొక్కరు మా తాన ఒక్కొక్క పుస్తకం చెప్పి పోతరు. మేము గట్టిదంటే రాసుకో, తాలంటే ఇడిచిపెట్టు. మొదటికెళ్లి లెక్క."

మొదటి నుంచి అంటే సున్నా నుంచి. నేను అంత ప్రేమగా చుట్టిన సున్నా ఇప్పుడు ఒంటరిగా వచ్చి నా ఎదుట నిలబడింది. అప్పుడైనా ఆమెతో, అక్కా ఇది నా ఉద్యోగం సంగతి అని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఏనుగు దగ్గర పరువు పోయాక, ఉన్న కాస్త పరువును ఎందుకు పారబోసుకోవాలనుకున్నాను. కొత్త రిజిస్టరు తీశాను.

ఇక ఆ శనివారాల సంగతి. పన్నెండు మంది ఆడవాళ్ళు వరండాలో వరుసగా కూర్చునేవాళ్ళు, ఒక్కొక్కరి ముందు ఒక పిల్లవాడు. మొదటి శనివారం కొత్త రిజిస్టరులో పడినవి పదకొండు. నేను వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉన్నాను. "సారు, జర ఒక తాన కూసో. నీ నీడ అటు ఇటు పోతే పిల్ల కథ మరుస్తది" అని ఒకామె కసిరింది. రెండో శనివారం పంతొమ్మిది. మూడో వారం నేను పెద్దపల్లి నుంచి రెండు పొట్లాల సమోసాలు తెప్పించి అందరికీ పంచాను. మనసులు కొంచెం మెత్తబడతాయని. వాళ్ళు కడుపారా తిని, నీళ్ళు తాగి, ఆ వారం ముప్పై రెండు మందిని వెనక్కి పంపారు. వెనక్కి పంపడం అంటే తిట్టడం కాదు. "గీ మంగలాయన ఎందుకు నవ్విండో నువ్వు చెప్పలేదు బిడ్డా. మల్ల సూసిరా" అనేవాళ్ళు. వాళ్ళలో చాలామందికి అక్షరం రాదు, అందుకే వాళ్ళకు లోపల ఏముందో నిజంగా తెలియాలి. చదివినవాళ్ళం మనమైతే అట్ట చూసి తల ఊపేస్తాం. ముసలామె ఒకతి మాత్రం తన మనవడు ఏం చెప్పినా గట్టి గింజ అని రాయించేది. సెంటరక్క అది పసిగట్టి, "పెద్దవ్వా, సొంతోళ్ల కుప్ప సొంతోళ్లు జోకద్దు. నీ మనుమణ్ణి ఇటు పంపు" అంది. ఆ మనవడు మూడు వారాలు తాలు కింద పోయి, నాలుగో వారం చింపాంజీ మీద ఎట్లాంటి ఉపన్యాసం ఇచ్చాడంటే, అక్క వాడికి రెండు మార్కులు వేయమని నన్ను అడిగింది. ఒక పుస్తకానికి ఒకటే అని నేను పట్టుబట్టాను. రెండేళ్ళ ఉద్యోగం మీదికి వచ్చినా లెక్క లెక్కే కదా. ఎందుకు పట్టుబట్టానో నాకే తెలియదు. అప్పటికి నాకూ ఆ గాలి తగిలిందేమో.

జనవరి ఆఖరుకు దోమల పుస్తకం ఎవరూ ముట్టుకోవడం లేదు. దాంట్లో చెప్పడానికేమీ లేదని అందరికీ తెలిసిపోయింది. లావు పుస్తకాలకు తోపులాట. ఒక్కో పుస్తకం వారం, పది రోజులు ఇళ్ళలో ఉండిపోయేది. నా కొత్త రిజిస్టరు నత్తలా పాకేది. ఫిబ్రవరి మూడో శనివారం నాటికి నాలుగు వందల ముప్పై ఒకటి. ఆ శనివారమే హైదరాబాదు ఆఫీసు నుంచి మేడం వచ్చారు.

తెల్లటి కారు, తెల్లటి చీర, చేతిలో నల్లటి సంచి. మాట మెత్తన. వచ్చి పెద్దసారు గదిలో కూర్చున్నారు. నేను సంచిలో రెండు రిజిస్టర్లూ తెచ్చాను. ఏది ఇవ్వాలో తేల్చుకోలేక రెండూ తెచ్చానని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. పెద్దసారు సంతకం ఉన్న పెద్దది ముందు పెట్టాను. అప్పటికి నేను ఆపేసినా దాంట్లో పిల్లలు కొన్నాళ్ళు పాత అలవాటుకొద్దీ తమంతట తామే రాసుకుంటూ పోయి మూడు వేలు దాటించారు. ఆమె చూసి తల ఊపి, "మరి ఆ రెండోదేమిటి?" అన్నారు. చెప్పాను. మొదట ముక్తసరిగా, తర్వాత మచ్చు, తాలు, గులకరాళ్ళు, ఏనుగు, అన్నీ. ఆమె నవ్వలేదు. రెండూ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూసి, "చూడండి. నాకు పైకి ఒక్క సంఖ్యే పంపడానికి వీలుంది. కమిటీ సంతకం తర్వాతైనా తెచ్చుకోవచ్చు. పెద్దసారు సంతకం ఉంది కాబట్టి ఇది పంపితే మీ పొడిగింపు వస్తుంది. అది పంపితే రాదు. నా చేతిలో ఏం లేదు. ఏది పంపమంటారు?" అన్నారు.

ఇక్కడ నేను వీరుడిలా లేచి చిన్న రిజిస్టరు మీద చెయ్యి వేశానని రాయాలని ఉంది. నేను చేసింది ఒక గ్లాసు మంచినీళ్ళు అడగడం. తాగి ఇంకో గ్లాసు అడగడం. తర్వాత ఇప్పుడే వస్తానని బయటకు పోయి బడి చుట్టూ తిరగడం. మొదటి చుట్టులో పెద్దదే పంపాలని తేల్చుకున్నాను. విమానం, వాంతి, ఖర్జూరం డబ్బాలు అన్నీ గుర్తొచ్చి రెండో చుట్టులో ఇంకా గట్టిగా తేల్చుకున్నాను. మూడో చుట్టులో వరండా పక్క నుంచి పోతుంటే, ఏనుగు అట్ట మీదనే ఉంటదని చెప్పినవాడు ఒకామె ముందు కూర్చొని ఉన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి, "చివరికి వాళ్ళిద్దరు మల్ల మాట్లాడుకున్నరా లేదా అది చెప్పలేదు నువ్వు. పో, సూసిరా" అంది. వాడు మారు మాట్లాడలేదు. ముఖం కూడా మాడ్చలేదు. మెట్ల మీద కూర్చొని పుస్తకం వెనుక నుంచి తిప్పుకుంటూ ఆ చోటు వెతుక్కుని, పెదాలు కదుపుతూ చదువుకోవడం మొదలుపెట్టాడు. చుట్టూ ఇంత గోల, వాడి కాలు మాత్రం కదలలేదు. నేను నిలబడి చూశాను. ఎంతసేపో తెలియదు, పెద్దసారు వచ్చి, "ఏందయ్యా, మేడం ఎదురు చూస్తుంది" అనే దాకా.

"చిన్నది పంపండి" అన్నాను. నా గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే ఆమె రెండుసార్లు అడగాల్సి వచ్చింది. రెండోసారి చెప్పేటప్పుడు మనసు మారుతుందేమోనని నాకే భయమేసింది. లక్ష్యం మూడు వేలు, నెరవేరినది నాలుగు వందల ముప్పై ఒకటి. ఆమె రాసుకొని, కారెక్కబోతూ ఆగి, "ఆ ఏనుగు సంగతి నివేదికలో రాయను లెండి" అన్నారు. అదొక్కటే ఆమె నాకు చేయగలిగిన సహాయం.

మధ్యాహ్నానికి సంగతి ఊరంతా పాకింది. సెంటరక్క నేరుగా నా దగ్గరకు వచ్చింది. మెచ్చుకుంటుందని నేను తల వంచుకొని వినయంగా నిలబడ్డాను.

"నీకేమన్న పాగల్ లేసిందా సారు? నౌకరి పోతదని నాకెందుకు చెప్పకపోతివి?"

"నువ్వే గద అక్కా తాలన్నవ్."

"తాలంటి. నువ్వు ఉత్తగనే పేపరుకన్నవ్ గదా. నౌకరి ముచ్చటని ఎర్కైతే మూడు వేలకు కాదు, ఐదు వేలకు దస్కత్ వెడుదు. వడ్లంటే సర్కారుకు పోతయ్, మిల్లుకు పోతయ్, రేపు ఎవలో ఒకలు వండుకొని తింటరు. తాలుంటే వాళ్ళ పండ్లకు తగులుతది. నీ లెక్కను ఎవలు తింటరు?"

  ఆ రోజు ఆమె వరండాలో కూలబడి, చెంగుతో ముఖం తుడుచుకొని, "నాకు మతిలేదు. గా పిల్లలు మంచిగ చెప్తుంటే ఇనబుద్ధై గట్టిగ వట్టుకున్న" అంది, నాతో కాదు, ఎటో చూస్తూ. శనివారాలు నేను పోయాక కూడా కొన్నాళ్ళు నడిచాయని విన్నాను.

మార్చి వచ్చిన పదిహేను రోజులకు నేను శంషాబాదులో విమానం ఎక్కాను. (వాంతి కాలేదు. పక్కన కూర్చున్న జగిత్యాల ఆయనకు అయింది.) పోయే ముందు బీరువాలోంచి ఒక పుస్తకం తీసుకొని రిజిస్టరులో నా పేరు రాసుకున్నాను. ముసలి రాజు కథల పుస్తకం. నలభై ఒక్క అబద్ధాల తర్వాత రాసుకున్న నలభై రెండోది అది. దుబాయిలో బావ చెప్పినట్టు ఏసీ ఉంది, డబ్బాలు ఉన్నాయి, లెక్కలు ఉన్నాయి. ఒక గదిలో ఎనిమిది మందిమి, అందరం మన పక్కవాళ్ళమే, ఇద్దరు నిర్మల్ వాళ్ళు, ఒకాయన జైనూర్ దగ్గరి నుంచి. ఒక శుక్రవారం మధ్యాహ్నం, సెలవు, బయట ఎండ మండిపోతోంది, ఎవరికీ ఏం తోచడం లేదు. ఆ పుస్తకం అప్పటికి నేను మొత్తం చదివేశాను. (ఆ ఎనిమిదో తరగతి పిల్ల చెప్పిన తెగిన చెప్పు, సేనాపతి, అవేవీ అందులో లేవు. ఆ పిల్ల సొంతంగా పండించింది.) మంచం మీద కూర్చొని చెప్పడం మొదలుపెట్టాను. లేవాలని అనిపించలేదు. చెబుతూ చెబుతూ తెగిన చెప్పు దగ్గరకు వచ్చేసరికి, పుస్తకంలో లేకపోయినా ఆ పిల్లదే చెప్పేశాను. జైనూర్ ఆయన లేచి కూర్చొని, "మల్లేమైంది?" అన్నాడు.

కథ అయిపోయేసరికి నిర్మల్ వాళ్ళిద్దరూ గోడ వైపు తిరిగి గురక పెడుతున్నారు. ఆరోజు ఎంతమంది విన్నారని ఎవరూ అడగలేదు, రాసుకోవడానికి రిజిస్టరూ లేదు. అయినా అప్పటి నేను, అంటే ఆ పాతికేళ్ళ కుర్రాడు, మంచం మీద అట్లాగే కూర్చొని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. తనను తాను కలుపుకోకుండా, నిద్రపోయినవాళ్ళను తీసేసి, ఐదు. వాడి ముఖం ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. అంత చిన్న సంఖ్యకు అంత పొంగిపోయిన మనిషిని ఆ తర్వాత అద్దంలో మళ్ళీ చూడలేదు.